గజంబద్ద: రోహిణి కార్తెలో ఉన్ని సూటా?

(గుడ్డ, కుట్టు మీద పాఠకుల ప్రశ్నలకు ఒక కటింగ్ మాస్టర్ జవాబులు)

ప్రశ్న: మే నెలాఖరులో మా అబ్బాయి పెళ్లి. ముహూర్తానికి పట్టుపంచె, మర్నాడు మధ్యాహ్నం రిసెప్షన్‌కి సూటు. వాడు బిస్కెట్ రంగు ఉన్ని సూటే కావాలని పట్టుబట్టాడు. "రోళ్లు పగిలే ఎండల్లో ఉన్నేమిట్రా" అని వాళ్లమ్మ గొడవ. షాపులో మెత్తగా జారిపోయే సూపర్ 150స్ ఉన్ని, కాస్త గరుగ్గా ఉన్న పల్చటి ఉన్ని, టెర్రీవూల్ (ఉన్నీ పాలియెస్టరూ కలిపిన గుడ్డ), లినెన్ చూపించారు. ఎండలోకి తీసుకెళ్తే ఎర్రగా మెరిసే గుడ్డ కూడా ఒకటి చూపించారు. ఏది తీసుకోవాలి? ఎన్ని మీటర్లు పడుతుంది?
– పెళ్లికొడుకు తండ్రి, రాజమండ్రి

జవాబు: ఆ గరుగ్గా ఉన్నదే తీసుకోండి. ఎందుకో చెబుతాను, ఇంట్లో చెల్లెమ్మగారికి కూడా చదివి వినిపించండి.

ఉన్ని అనగానే మనకు రగ్గూ స్వెట్టరూ గుర్తొస్తాయి. రగ్గులో వెచ్చదనమంతా పోగుల మధ్య చిక్కుకున్న గాలిది. నూలు వదులుగా, నూగుగా ఉంటుంది కాబట్టి గాలి కదలదు. అదే నూలుకు గట్టిగా పురి ఎక్కించి, నూగు లేకుండా, సాదా నేతలో కాస్త ఎడంగా నేస్తే గాలి ఇటు నుంచి అటు ఆడుతుంది. చేతికి గరుగ్గా తగిలేది ఆ పురే. పైగా ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. పాలియెస్టర్ చెమటను పీల్చదు, అది ఒంటికే అంటుకుంటుంది. మీ గోదావరి వైపు ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఒక ఎత్తు. అక్కడ పనికొచ్చేది ఈ గుణమే.

చెల్లెమ్మగారికి జాకెట్లకు వాడే టూ బై టూ రుబియా తెలిసే ఉంటుంది. పడుగులోనూ (నిలువు నూలు) పేకలోనూ (అడ్డ నూలు) రెండేసి పోగులు కలిపి పురిపెట్టిన నూలు వాడితే దాన్ని టూ బై టూ అంటారు. ఉన్ని గుడ్డకీ అదే లెక్క. షాపతన్ని "ఇది టూ బై టూనా, టూ బై వన్నా" అని అడగండి. పేకలో ఒంటి పోగు ఉన్నది ఇంకాస్త పల్చగా వస్తుంది కానీ తొందరగా నలుగుతుంది.

ఇక సూపర్ 150స్ సంగతి. ఆ అంకె ఉన్ని పోగు ఎంత సన్నమో చెబుతుంది, అంతే. సూపర్ 100స్ అంటే పోగు మందం 18.75 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు, 150స్ అంటే 16.25 మైక్రాన్లకు మించదు. అంకె పెరిగితే మెత్తదనం పెరుగుతుంది, ధర దానికంటే ఎక్కువ పెరుగుతుంది. చల్లదనం పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అంత సన్న నూలుతో నేసిన గుడ్డ సాధారణంగా ఒత్తుగా ఉంటుంది, కూర్చుని లేస్తే మడతలు పడుతుంది, ప్యాంటు సీటు దగ్గర త్వరగా నునుపెక్కి మెరుస్తుంది. రిసెప్షన్‌లో పెళ్లికొడుకు వచ్చినవాళ్లందరికీ లేచి నమస్కారం పెట్టి మళ్లీ కూర్చోవాలి కదా. వేసవికి సూపర్ 100స్, 110స్ చాలు. అసలు అంకే వేయకుండా అమ్మే గట్టి పురి ఉన్ని అయినా నాకు ఇష్టమే.

బరువు అడిగేటప్పుడు ఒక చిక్కుంది. మిల్లులు కొన్ని మీటరు పొడవు గుడ్డ బరువు చెబుతాయి, కొన్ని చదరపు మీటరు బరువు చెబుతాయి. సూటు గుడ్డ పన్నా దాదాపు 150 సెంటీమీటర్లు కాబట్టి మొదటి అంకె రెండోదానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. మీటరుకు 260 గ్రాములన్నా, చదరపు మీటరుకు సుమారు 173 గ్రాములన్నా ఒకే గుడ్డ. మీటరు లెక్కలో 240 నుంచి 280 గ్రాముల మధ్య చూడండి. మరీ తక్కువకు పోతే గుడ్డ నిలవదు, భుజం దగ్గర సొట్టలు కనిపిస్తాయి, ఇస్త్రీ మడత సాయంత్రానికే చెరిగిపోతుంది.

ఈ అంకెలన్నీ పక్కనపెట్టినా షాపులో నిలబడి తేల్చుకోవచ్చు. గుడ్డ ఒక పొర నోటికి ఆనించి ఊదండి, అవతల పెట్టిన అరచేతికి గాలి తగలాలి. తర్వాత ఒక మూల గుప్పిట్లో గట్టిగా నలిపి, కాసేపుంచి వదలండి. గట్టి పురి ఉన్ని మీ కళ్లముందే సర్దుకుంటుంది. లినెన్‌తో ఇదే పని చేస్తే ఏమవుతుందో చూడండి, ఇక దాని గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు. చివరికి కిటికీ వైపు పట్టి చూడండి. సన్నటి చుక్కల్లా వెలుగు కనిపిస్తే మంచిదే. అవతలి మనిషి ఎవరో పోల్చుకోగలిగేంత పల్చగా ఉంటే మాత్రం వద్దు.

రంగు విషయంలో తొందరపడకండి. బిస్కెట్ రంగని మనం ఒక్క మాటలో అనేస్తాం కానీ అందులో పసుపు వైపు ఒరిగేవి, ఎరుపు వైపు ఒరిగేవి, ఆకుపచ్చ వైపు ఒరిగేవి ఉంటాయి. ఆ ఆకుపచ్చ వైపుది వద్దే వద్దు. షాపు లైట్ల కింద దర్జాగా కనిపించిన గుడ్డ బయట ఎండలో ఖాకీగా తేలుతుంది. పెళ్లికొడుకుని చూసి "ఎస్సై గారు వచ్చారు" అని బావమరుదులు ఏడిపించే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది. గుడ్డ తాను బయటకు పట్టుకెళ్లి పగటి వెలుగులో చూడనివ్వమని అడగండి. మొహమాటం పడొద్దు, మంచి షాపువాళ్లు ఏమీ అనుకోరు. అబ్బాయిని తీసుకెళ్లి గుడ్డ గడ్డం కింద పెట్టి చూడండి. ఒంటి రంగూ గుడ్డ రంగూ ఒకటైపోతే ఫొటోల్లో ముఖం తేలిపోతుంది. చామనఛాయ వాళ్లకు ఒక పిసరు లేతగా ఉన్న ఇసుక రంగు బాగుంటుంది. లోపల తెల్ల చొక్కా, లేదంటే లేత నీలం. గోధుమ రంగు బూట్లు వేసుకోవచ్చు, నల్లవి మాత్రం దీని కింద అతకవు.

ఆ ఎర్రగా మెరిసే గుడ్డ బహుశా సొలారో. పడుగు ఒక రంగు, పేక ఎరుపు, అందుకే కదిలినప్పుడల్లా ఎర్రటి మెరుపు వస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్ స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లోని డాక్టర్ లూయీ సాంబన్ ఉష్ణదేశాల ఎండ నుంచి తెల్లదొరల్ని కాపాడటానికి ఇలాంటి గుడ్డ ఆలోచన చేశాడు. ఆ ఎరుపు ఎండను ఆపుతుందన్న నమ్మకం నిలబడలేదు కానీ గుడ్డ అందం నిలబడింది. సరదాకి కుట్టించుకోవచ్చు, మీ పెళ్లికి మాత్రం వద్దు. చాలావరకు అది ఒత్తు నేత, మీకు కావాల్సిన గాలి అందులో ఆడదు.

కోటూ ప్యాంటూ కలిపి మూడుంపావు మీటర్లు పడుతుంది. అబ్బాయి ఆరడుగులు దాటినా, లావైనా మాస్టర్‌ని అడిగి కొనండి. నా మాట విని రెండో ప్యాంటుకి ఇంకో మీటరుంపావు తీసుకోండి. ఏ సూటుకైనా ముందు పోయేది ప్యాంటే. తర్వాత వెళితే అదే తాను దొరకదు, ఇంకో అద్దకంలో రంగు కాస్తయినా తేడా వస్తుంది.

ఇంత శ్రమపడి కొన్న గుడ్డను పాడుచేసేది లోపలి లైనింగ్. వీపంతా పాలియెస్టర్ లైనింగ్ వేస్తే ప్లాస్టిక్ సంచి తొడిగినట్టే. భుజాల దాకా, చేతుల్లో మాత్రమే లైనింగ్ వేసి వీపు వదిలేయమనండి. వేసే ఆ కాస్త కూడా చెమట పీల్చే కుప్రో గానీ విస్కోస్ గానీ వేయమనండి. లోపలి కుట్లన్నీ కనిపిస్తాయి కాబట్టి వాటికి పైపింగ్ వేయాలి. పని ఎక్కువ, కూలీ ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. ముందు భాగంలో జిగురుతో అతికించే ఫ్యూజింగ్ కాకుండా, కుట్టి నిలబెట్టే కాన్వాస్ వేయగల మాస్టర్ దొరికితే అదృష్టమే. పల్చటి గుడ్డ మీద ఫ్యూజింగ్ ఊడి బుడగలు లేచే ప్రమాదం ఎక్కువ. కత్తెర పెట్టకముందే గుడ్డకు ఆవిరి పట్టించమనండి. ట్రయల్ కనీసం రెండుసార్లు ఉండాలి. మే నెలలో మాస్టర్లందరికీ ముహూర్తాల టెన్షనే, మార్చిలోనే గుడ్డ ఇచ్చేయండి.

ప్రశ్న: "ప్యూర్ వూల్" అని బిల్లు రాసిచ్చిన సూట్ బిట్టు నిజంగా ఉన్నేనా? తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు గుడ్డ అంచు చదవండి. మిల్లు గుడ్డకు అంచు మీద సాధారణంగా పేరు, కలయిక నేసో అచ్చువేసో ఉంటాయి. "వూల్ బ్లెండ్", "వూల్ రిచ్" అన్న మాటలుంటే శాతం ఎంతో అడగండి. ఇంకా అనుమానంగా ఉంటే పడుగు నుంచి రెండు పోగులు, పేక నుంచి రెండు పోగులు లాగి చిమటాతో పట్టుకుని విడివిడిగా కాల్చండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి మసి వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా బిగుసుకుంటుంది, నలగదు. రెండూ కలిసి ఉంటే వాసనా వస్తుంది, పూసా మిగులుతుంది. అదే టెర్రీవూల్. అది చెడ్డ గుడ్డ అని నేననను. ఆఫీసుకి రోజూ తొడిగే ప్యాంటుకి దాని గట్టిదనం ఉన్నికి రాదు. ఉన్ని ధర పెట్టి కొనడమే బాధ.

ప్రశ్న: పోయినేడాది కుట్టించిన మావారి ఉన్ని కోటుకి బీరువాలోనే చిల్లులు పడ్డాయి. కొత్తదాన్ని ఎలా దాచాలి?
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: అమ్మా, పురుగు గుడ్డ కోసం ఎంత వస్తుందో, దాని మీది చెమట, తిండి మరకల కోసం అంత వస్తుంది. అందుకే వేసి విప్పిన కోటుని అలాగే బీరువాలో పెట్టొద్దు. ఒక రాత్రి గాలికి వేలాడదీసి, మెత్తటి బ్రష్‌తో కాలరు కింద, జేబుల్లో దులపండి. నెలల తరబడి దాచేటప్పుడు మాత్రం డ్రైక్లీనింగ్ చేయించాకే దాచండి, అలాగని వేసిన ప్రతిసారీ చేయించకండి. వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు తీసేసి పాత కాటన్ దుప్పటిలో చుట్టండి. కలరా ఉండలు గుడ్డకు తగలకుండా చిన్న మూటకట్టి పై అరలో పెట్టండి, పిల్లలకు అందకుండా చూసుకోండి. వేసుకోవడానికి ఒకరోజు ముందే తీసి ఆరేయండి. లేకపోతే ఫంక్షన్ హాల్లోకి మీవారికంటే ముందు ఆ వాసన వెళుతుంది.