ఖర్చు లేకుండా ప్రాజెక్ట్ ఎలా?

ప్రశ్న: శ్రీకాకుళంలో డిగ్రీ ఫైనలియర్ అండి, పొందూరు ఖద్దరు మీద ప్రాజెక్ట్. ఫ్రీగా దొరికే టూల్స్ చెప్తారా?

జవాబు: ముందు శోధ్‌గంగ వెబ్‌సైట్ తెరువమ్మా, మన దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడుంటాయి, పైసా కట్టక్కర్లేదు, మొత్తం చదవలేకపోయినా చివర్న రిఫరెన్సులు చూడు, ఏం చదవాలో అక్కడే తెలిసిపోద్ది. చదివినవన్నీ జొటెరో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకో, రిపోర్ట్‌లో రిఫరెన్సుల లిస్టు అదే తయారుచేస్తుంది, ఆన్‌లైన్ ఫ్రీ స్టోరేజి 300 ఎంబీయే కాబట్టి పీడీఎఫ్‌లు లాప్‌టాప్‌లో ఉంచుకో చాలు. సర్వేకి మాత్రం ఫోన్లో ప్రశ్నలడిగి జవాబులు నింపుకునే కోబోటూల్‌బాక్సే బెటర్ అంటాను, సిగ్నల్ లేకపోయినా జవాబులు ఫోన్లో సేవ్ అయి నెట్ రాగానే అప్‌లోడ్ అయిపోతాయి. కానీ తల్లీ, పొందూరు వెళ్లగానే ఫోన్ తీసి ప్రశ్నలు మొదలెట్టకు, వాలుగ చేప దవడతో అక్కడి పెద్దమ్మలు పత్తి ఎలా ఏకుతున్నారో కాసేపు కూర్చుని చూడు, అసలు అడగాల్సిన ప్రశ్నలు అప్పుడే తడతాయి.