పాత పడవ, పుట్టీ కింద పగులు: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర ఊరు. వంశధారలో వల వేసుకోడానికి పోయిన సంక్రాంతికి పాత చిన్న ఫైబర్ పడవ 62 వేలకి కొన్నాను. 40 వేలు ఫోన్‌పే, మిగతాది మా ఆవిడ పుస్తెలతాడు తాకట్టు పెట్టి చేతికిచ్చాను, కాగితం రాసుకోలేదు. రెండో నెలకే అడుగున నీరు దిగింది, మేస్త్రీ గీకితే పుట్టీ కింద జానెడు పగులు. అమ్మినాయన "సూసుకునే కొన్నావు కదేటి" అంటున్నాడు. మావాళ్లు ఆయన ఇంజన్ తెచ్చేద్దాం అంటున్నారు.

జవాబు: పుస్తెలతాడు సంగతి జడ్జిగారి ముందు పనికిరాదు. మీ కేసంతా ఆ పుట్టీ ఎవరు పెట్టారన్న దాని మీదే ఉంది. పగులు గురించి ఆయన నోరు మెదపలేదంతే అయితే మీరు ఓడిపోతారు, పడవ తిరగేసి చూసుకోవడం కొనేవాడి పని. అదే ఆయనే పగులు మూసి పైన పెయింట్ కొట్టించి అమ్మితే 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 17 కింద మోసం, అప్పుడు "చూసుకునే కొన్నావు" అన్న మాట చెల్లదు. ముందు ఓనర్ ఎవరో పెట్టిన పుట్టీ అయితే ఈయనకి ఆ సంగతి తెలుసని కూడా మీరే చూపించాలి.

రిపేర్ చేయించేశారా లేదా మీరు రాయలేదు, నా భయం అదే. చేయించకపోతే ముట్టుకోకండి, నీళ్లలోకీ దింపకండి, వాడుకుంటూ పోతే ఒప్పుకున్నట్టే అంటారు. పెయింట్, పుట్టీ, కింద ఫైబర్ మూడు పొరలూ కనపడేలా పక్కన స్కేల్ పెట్టి ఫొటోలు తియ్యండి, మేస్త్రీ చేత తేదీ వేసి రాయించుకోండి, కోర్టుకొచ్చి చెప్తాడా అని ఇప్పుడే అడగండి. 22 వేలు చేతికిచ్చారు సరే, చూసినవాళ్లెవరు? టీకొట్టు బాకీకైనా పుస్తకంలో రాయించుకుంటాం కదండీ! సాక్షి లేకపోతే తేలేది 40 వేలే.

ఇంజన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. రావాల్సిన బాకీ ఉన్నా సరే, అడక్కుండా తెస్తే అది దొంగతనమే, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 303. రేపు కేసు పెట్టి, రాజీకొస్తేనే తీస్తానని మీ మెడ మీద కూర్చుంటాడు.

దావా వేయడానికి గడువు పగులు తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. "దసరాకి ఇస్తాన్లే" అని నోటితో అంటే గడువు పెరగదు, మూడేళ్లలోపు ఆయన రాసి సంతకం పెడితేనే. ఆయన వ్యాపారి కాదు కాబట్టి కన్స్యూమర్ కమిషన్‌కి తిరిగి టైమ్ పోగొట్టుకోకండి. ఈ వారమే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి, పడవ తీసుకెళ్లి డబ్బు ఇమ్మని. పలక్కపోతే శ్రీకాకుళం కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, ఫీజు లేదు, అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. ఆయన రాకపోతే సివిల్ దావానే, అందాకా పడవ మీద టార్పాలిన్ కప్పి ఉంచండి.