చీరలంగడి ఇంటీరియర్ గురించి బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన డ్రాయింగులు చూశా, పెద్దమ్మకి కూడా చూపించా. బాగున్నాయి కానీ అది కావలి ట్రంకు రోడ్డులో చీరలంగడిలా లేదమ్మా, హైదరాబాదులో నగల షోరూములా ఉండాది. ముందంతా గాజు, లోపల నల్లరాయి, పైన మూడు అంచెల ఫాల్స్ సీలింగు, దానికి మళ్ళీ షాండ్లియర్ ఒకటి. ఇదంతా ఎవరికోసం? నీకు బేరాలు వచ్చేది కలిగిరి, వింజమూరు, జలదంకి బస్సులు దిగి, ఇటు తుమ్మలపెంట వైపు నించి షేరాటోల్లో. వాళ్ళు మూసున్న గాజు తలుపు, లోపల తళతళలాడే నేలా చూసి "ఇది మనకి కాదులే, రేట్లు మండిపోతా ఉంటాయి" అనుకుని పక్కంగడికి పోతారు, నీ రేటు పక్కంగడి కన్నా తక్కువైనా సరే, ఎందుకంటే అది తెలిసేదానికి లోపలికి రావాలి కదా. చిన్నబజారులో ఇన్నేళ్ళు కూర్చుని నేను చూసింది ఇదే. చెప్పులకి బురదుంటే మెట్టెక్కేదానికి కూడా మొహమాటపడతారు మనోళ్ళు.

గాజు వద్దనట్లా, ఎండాకాలం ఏసీ లేకపోతే మనిషి నిలవడు, పెట్టించుకో. కానీ గాజు వెనకాల బొమ్మలకి కట్టే చీరల్లో ఒకటి రోజువారీ కట్టుకునేది, ఒకటి మధ్యరకం, ఒకటి పెళ్ళికి కట్టేది ఉండాలి, మూడింటికీ రేటు చీటీ రోడ్డు మీద నించి చదివేంత పెద్దగా, తెలుగులో. పడమటి ముఖం షాపు కాబట్టి మధ్యాహ్నం నించి ఎండ నేరుగా ఆ చీరల మీదే పడుతుంది, మడతల దగ్గర రంగు వెలిసిపోతుంది, వారానికోసారి మార్చేయి. ఇంకా మంచిది ఏంటంటే పైన చూరులా ఒక పంచ దించించు, మూడు నాలుగడుగులు ముందుకి. ఎండ ఆగుతుంది, వానొస్తే జనం దానికింద నిలబడతారు, ఊరికే నిలబడ్డోళ్ళు ఎటు చూస్తారు, నీ చీరల వైపే కదా.

వాన మాట ఎందుకు తెచ్చానంటే, మనకి వానలు దంచేది అక్టోబరు నించి డిసెంబరు దాకా, దీపావళి బేరం, కార్తీకంలో పెళ్ళిళ్ళ బేరం అన్నీ అప్పుడే. అంటే నీకు డబ్బులొచ్చే రోజుల్లో కస్టమర్ తడి కాళ్ళతో, చంకలో పిల్లతో, చేతిలో గొడుగుతో వస్తుంది. ఆమెకి తగినట్టు నేల వేయించు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పక్కనే, తెలిసినోళ్ళ దగ్గర చవగ్గా వస్తుందని మీ ఆయన అంటున్నాడంట. రాయి గొప్పదే, నల్లటి దాంట్లో ఆ బంగారు చుక్కలు చూసి విదేశాలోళ్ళు కూడా కొనుక్కుంటారు. అయినా నేలకి వద్దు. పాలిష్ పట్టిన నల్లరాయి తడిస్తే జారుతుంది, ప్రతి అడుగూ మరకలా కనపడుతుంది, పైగా నల్ల నేల వెలుతురు మింగేస్తుంది, దానికోసం నువ్వు ఇంకో పది లైట్లు పెట్టాలి. అంత ఇష్టమైతే బిల్లు కౌంటరు పైన వేయించు. మిగిలిన కట్ పీసులు ర్యాకుల కింద నాలుగు అంగుళాల ఎత్తు పట్టీలా వేయిస్తే మాప్ నీళ్ళు ప్లైవుడ్‌కి తగలవు. నేలకి లేత రంగు మ్యాట్ టైల్స్, గుమ్మం బయట చెప్పులకీ గొడుగులకీ చోటు, అంతే. ఆ ప్లైవుడ్ కూడా కింది అరలకి నీళ్ళకి తట్టుకునే 710 గ్రేడు అడుగు, మామూలు రకం 303 వేసి 710 అని బిల్లు రాసే వాళ్ళు ఉంటారు, షీటు మీద ముద్ర చూసుకోవాలి.

ఇప్పుడు లైట్లు. ఫాల్స్ సీలింగు డబ్బులు మొత్తం ఇక్కడ పెట్టినా నేనేం అనను.

మన ఆడోళ్ళు చీర ఖాయం చేసే ముందు ఏం చేస్తారో చూశావు కదా. పరుపు మీద నించి లేచి చీర పట్టుకుని గుమ్మం దగ్గరికి పోతారు, పవిట కొంగు ఎడం చేతి మీద వేసుకుని వీధి వైపు తిరుగుతారు, ఒకసారి తిరగేసి వెనకవైపు నేత చూస్తారు, "ఏమే, ఇంట్లో ఇదే రంగు ఉంటుందా" అని పక్కన చెల్లెల్ని అడుగుతారు. నీ లైట్లని వాళ్ళు నమ్మట్లేదని దానర్థం. నమ్మకపోవడం కూడా న్యాయమే, నలుపనుకుని తీసుకెళ్ళిన చీర తెల్లారి ఇంట్లో చూస్తే నేవీ బ్లూ అయి మళ్ళీ నీ దగ్గరికే వస్తుంది. అందుకే గుమ్మం పక్కన నాలుగడుగుల చోటు ఖాళీగా వదిలెయ్, అక్కడ బొమ్మా వద్దు, బిల్లు కౌంటరూ వద్దు, నిలువెత్తు అద్దం ఒకటి పెట్టు, బయటి వెలుతురు అద్దం మీద కాదు, ఆమె మీద పడేటట్టు. బేరం తేలేది ఆడనే.

లోపల లైట్లకి మీ ఎలక్ట్రీషియన్ 6500 కెల్విన్ తెల్ల లైట్లు తెస్తాడు, వాళ్ళకి అదే అలవాటు. కెల్విన్ అంటే లైటు రంగు లెక్క, నంబరు తగ్గేకొద్దీ పసుపుగా ఉంటుంది. అది పడితే బంగారు జరీ వెండిలా వెలవెలబోతుంది, కట్టుకున్న మనిషి మొహం కూడా జ్వరం వచ్చినట్టు ఉంటుంది. 3000 వేస్తే జరీ వెలుగుతుంది కానీ నీలాలు, ఊదాలు మాసినట్టు కనపడతాయి. అందుకని షాపంతా 4000 వేయించి, పట్టుచీరల గోడకి మాత్రం 3000 స్పాట్లు కొన్ని పెట్టు. ఇంకోటి, సీఆర్ఐ అని ఉంటుంది, రంగుని ఉన్నదున్నట్టు చూపించే లెక్క, మామూలు ఎల్ఈడీకి 80 ఉంటుంది, నువ్వు 90 పైన అడుగు, రేటు కొంచెం ఎక్కువే, అయినా అదే తీసుకో. ఎవరి మాటా నమ్మొద్దు, నా మాట కూడా. ఒక మెరూన్ చీర, ఒక ముదురు నీలం, ఒక తెల్ల వెంకటగిరి సంచిలో పెట్టుకుని ఎలక్ట్రికల్ షాపుకి పోయి లైటు వేయించి చూడు, నవ్వుకుంటే నవ్వుకోనీ. అద్దం దగ్గర లైటు నెత్తి మీద కాదు, ఎదురుగా పక్కనించి రావాలి, నెత్తి మీద ఉంటే కళ్ళకింద నీడలు పడి అద్దంలో చూసుకున్న వాళ్ళకి చీర కూడా నచ్చదు. గోడలకి ఆ గులాబీ రంగు వద్దు, ఆ ఛాయ తెల్ల చీరల మీద పడుతుంది. హాఫ్ వైట్ చాలు, రంగులన్నీ చీరల్లో ఉండాయి కదా.

వెంకటగిరి చీరలు మడతపెట్టి బీరువాలో దాచొద్దు. నూరో నంబరు నూలు, అంత సన్న నేత, మడతలో ఏం తెలుస్తుంది? ఒకదాన్ని నిలువునా పరిచి వేలాడదీసి వెనక నించి మెత్తటి లైటు పెట్టు, నేతలోనే వేసిన ఆ జాందానీ చిలకలు ఆకులు గాల్లో ఉన్నట్టు కనపడతాయి. ఆ డిజైనర్ గోడకి పెట్టమన్న ప్లాస్టిక్ పువ్వుల కన్నా ఇది వందరెట్లు నయం.

కూర్చునేదానికి పరుపులు ఎట్టాగూ ఉంటాయి, వాటితోపాటు చేతులున్న కుర్చీలు నాలుగు, పద్దెనిమిది అంగుళాల ఎత్తువి, మోకాళ్ళ నొప్పుల పెద్దోళ్ళకి. వెంటొచ్చిన మగోళ్ళకి ఫ్యాను కింద బెంచీ, ఛార్జింగ్ పాయింటు. నిలబడ్డ మొగుడు పది నిమిషాలకి "పోదాం పా" అంటాడు.

గల్లా ఎటు ముఖం పెట్టాలనేది మీ నాన్న వాస్తు పట్టుకుంటాడు, ఒప్పుకో, గొడవొద్దు, కానీ నువ్వు కూర్చున్న చోట నించి గుమ్మం కనపడాలి. సెంటు స్ప్రేలు కొట్టొద్దు, కొత్త చీర గంజి వాసనకి మించింది లేదు.

లైట్లు కొనేముందు బాక్సు ఫోటో తీసి పంపు, చూసి చెప్తా. ఆ షాండ్లియర్‌కి అడ్వాన్సు ఇచ్చేసుంటే మాత్రం మీ హాల్లో పెట్టుకోండి.

మీ పెదనాన్న