చిమ్నీ శుభ్రం చేసే పని మన జిల్లాలో నిలబడుతుందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది టంగుటూరు దగ్గర పల్లె. ఒంగోల్లో ఏడేళ్లుగా ఏసీ మెకానిక్‌గా చేస్తున్నాను. ఎండాకాలం పోతే చేతినిండా పని ఉండటం లేదు. ఇంగ్లండులో చిమ్నీలు శుభ్రం చేసి, తనిఖీ చేసి రిపోర్టు ఇచ్చేవాళ్ల వీడియోలు చూశాక అలాంటి పని ఇక్కడ పెడదామనిపించింది. గుండ్రటి తీగ బ్రష్షు, ఒకదానికొకటి బిగించుకునే కడ్డీలు తెప్పించాను కూడా. ఇంట్లోవాళ్లేమో ‘మన దగ్గర ఆ చిమ్నీలు ఎక్కడున్నాయి’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఎంత పెట్టుబడి కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, టంగుటూరు

జవాబు: తమ్ముడూ, నిలబడుతుంది. నెల్లూర్లో నేను పధ్నాలుగేళ్లుగా ఈ పని మీదే సంసారం నడుపుతున్నాను. అయితే మీరు వీడియోలో చూసిన పని వేరు, ఇక్కడ దొరికే పని వేరు. ముందు ఆ తేడా పట్టుకోండి.

చలిదేశాల్లో ఇంటి లోపల కట్టెలో బొగ్గో కాలుస్తారు. ఆ గొట్టానికి పట్టేది పొడి మసి, దాంతోపాటు కట్టె పొగ చల్లారి గడ్డకట్టే తారులాంటి పదార్థం. మీ తీగ బ్రష్షు దానికోసం తయారైంది. మన వంటింటి చిమ్నీకి పట్టేది నూనె. నూనె మీద ఆ బ్రష్షు తిప్పితే జిడ్డు రాదు, అటూ ఇటూ పులుముకుంటుంది.

హోటల్ డక్టు, అంటే పొగను బయటికి తీసుకెళ్లే రేకు గొట్టం, మలుపు దగ్గర మూత తీసి ఒకసారి వేలు పెట్టి చూడండి. పైన మెత్తటి జిడ్డు. దాని కింద ముదిరిన బెల్లం పాకంలా సాగేది. అన్నిటికన్నా కింద, రేకుకు అతుక్కుపోయి, స్క్రేపర్ ఆనిస్తే పెచ్చులుగా లేచేది. సబ్బునీళ్లతో పై పొర తుడిస్తే రేకు మెరుస్తుంది, ఓనరు సంతోషిస్తాడు. కింది రెండు పొరలూ అలాగే ఉంటాయి. మంట అంటుకుంటే కాలేది అవే.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. పని మొదలుపెట్టిన రెండో ఏడు ఒక టిఫిన్ హోటల్లో పొయ్యి పైనుండే హుడ్డు కడిగాను, ఫిల్టర్లు తళతళలాడించాను. పైన డక్టు మూత బోల్టులు తుప్పు పట్టి రాలేదు. రాత్రి పన్నెండు దాటింది, తెల్లారి నాలుగింటికి వాళ్లు పొయ్యి వెలిగించాలి. వదిలేసి వచ్చేశాను. వదిలేశానని ఓనరుకు చెప్పలేదు. మూడు వారాలకు పూరీల బాణలి మంట పైకి లేచి డక్టులోకి పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి గాలి ఊది ఊది మంటను పెంచింది. వంటమాస్టరు చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చున్నప్పుడు నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను ఆ మూత తెరవలేదన్న సంగతే ఎవరికీ తెలియదు. ఆ రోజే ఓనరుకు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అప్పటినుంచి నా బిల్లు మీద రెండు గడులు ఉంటాయి. ‘శుభ్రం చేసినవి’ ఒకటి. ‘చేయలేకపోయినవి, ఎందుకు’ రెండోది. రెండో గడి ఖాళీగా ఉన్నా ‘ఏమీ లేవు’ అని రాసి సంతకం పెట్టిస్తాను. పనికి ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో అక్కడే ఓనరు ఫోనుకు పంపుతాను. తమ్ముడూ, మీరు పెట్టబోయే వ్యాపారం ఇదే. కడగడం ఎవరైనా కడుగుతారు. గొట్టం లోపల ఏముందో చూసి, చూసింది దాచకుండా చెప్పే మనిషి కోసమే మిమ్మల్ని రెండోసారి పిలుస్తారు. తనిఖీ అంటే పెద్ద మాట అనుకోవద్దు. ఫోనుకు తగిలించుకునే కెమెరా తీగ ఒకటి, తలకు కట్టుకునే లైటు ఒకటి చాలు.

ఎన్నాళ్లకోసారి చూడాలని హోటలువాళ్లు అడుగుతారు. అమెరికాలో వంటశాలల పొగగొట్టాల కోసం ఎన్‌ఎఫ్‌పీఏ 96 అనే ప్రమాణం ఉంది. కట్టెలతో, బొగ్గులతో వండే చోట నెలకోసారి, వేపుళ్లు ఎక్కువగా, రద్దీగా ఉండే వంటశాలల్లో 3 నెలలకోసారి, మామూలు చోట 6 నెలలకోసారి తనిఖీ చేయాలని అందులో ఉంది. మన దగ్గర రోజంతా నెయ్యి కారం దోశలు పోసే హోటలు, కట్టెల పొయ్యి మీద బిర్యానీ దించే హోటలు, రెండూ ఒకే వీధిలో ఉంటాయి. ఏది ఏ లెక్కలోకి వస్తుందో మీరే చూసి చెప్పాలి.

పెట్టుబడి సంగతి. అల్యూమినియం నిచ్చెన, తడీ పొడీ లాగే వాక్యూమ్, స్క్రేపర్లు, కెమెరా తీగ, జిడ్డు వదిలించే ద్రావణం, మందపాటి రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు, మాస్కులు, నడుముకు బెల్టు, పొయ్యి గట్టు మీద పరచడానికి ప్లాస్టిక్ షీట్లు. నా అంచనాలో 40 వేల లోపే తేలుతుంది. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర రుణ పథకంలో శిశు కేటగిరీ కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా అప్పు ఇస్తారు, మీ బ్యాంకులో అడగండి. చిన్న వ్యాపారాల నమోదు, అదే ఉద్యం రిజిస్ట్రేషన్, ఆన్‌లైన్‌లో ఉచితం. దానికి డబ్బులు అడిగే బ్రోకర్ల దగ్గరికి పోవద్దు. సేవల పనికి ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటే దాకా జీఎస్టీ బెంగ లేదు. ఇళ్లలో చిమ్నీకి నేను 900 నుంచి 1,400 దాకా తీసుకుంటాను. హోటలుకు ధర ఫోన్లో చెప్పను. డక్టు పొడవు, మలుపులు చూశాకే.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. ఫిల్టరు దేనితో చేసిందో చూడకుండా కాస్టిక్ సోడాలో వేయొద్దు. స్టీలు పలకల ఫిల్టరు తట్టుకుంటుంది. అల్యూమినియం జాలీ నల్లబడిపోతుంది, ఎక్కువసేపు ఉంచితే తినేస్తుంది కూడా. నేను మొదటి నెలలోనే ఒకరి జాలీ అలా పాడుచేసి కొత్తది కొనిచ్చాను. కరిగిన జిడ్డునీళ్లు సింకులో పోయొద్దు, చల్లారాక పైపులో గడ్డ కడుతుంది. మోటారు జోలికి పోయే ముందు కరెంటు ఎంసీబీ దించడం, సిలిండరు రెగ్యులేటరు ఆపేయడం మీకు చెప్పక్కర్లేదు, ఏసీ పని చేసినవారు. నిజానికి మీకున్న పెద్ద బలం అదే. బ్లోయరు బేరింగు అరిగిందో, కెపాసిటరు పోయిందో చప్పుడు బట్టే చెప్పగలరు. చాలామంది కడిగేవాళ్లకు అది రాదు.

ఇక ఆ తీగ బ్రష్షు. దాన్ని అమ్మేయొద్దు. మీది టంగుటూరు, చుట్టూ పొగాకు. కొండపి, కందుకూరు, పొదిలి, కనిగిరి వైపు వర్జీనియా పొగాకును వేడికి ఆరబెట్టే (ఆకు కాల్చడం అంటాం) బ్యారన్లు, అంటే ఆ గదులు, మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ పొయ్యిల నుంచి లోపల తిరిగే రేకు గొట్టాల్లో పేరుకునేది పొడి మసి. అక్కడ మీ బ్రష్షుకు సరైన పని దొరుకుతుంది. మసి పట్టిన గొట్టం వేడిని సరిగా వదలదు, కట్టెలు ఎక్కువ తింటుంది. అంతకన్నా భయం చిల్లులది. తుప్పు తిన్న చోట నిప్పురవ్వ బయటికి వస్తే, పైన కర్రలకు వేలాడే ఎండుటాకు అంటుకోవడానికి ఎంతసేపు? ఒక్క రాత్రిలో రైతు ఏడాది కష్టం బూడిదవుతుంది.

చిల్లు పట్టే పద్ధతి మా మేనమామ చూపించాడు, ఆయనకు బ్యారన్ ఉండేది. చీకటి పడ్డాక, పొయ్యి చల్లగా ఉన్నప్పుడు, బ్యారన్ తలుపులు మూసేయాలి. కడ్డీ చివర టార్చి కట్టి గొట్టంలోకి తోస్తూ పోవాలి. ఒక మనిషి లోపల గొట్టం పక్కన కూర్చుని చూడాలి. పగలు చేత్తో తడిమినా తెలియని చోట్ల సన్నటి వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. అతుకుల దగ్గర అయితే గీతలా వస్తుంది. ఆ చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టి, రేకుపని చేసేవాణ్ని పిలిపించమని రైతుకు చెప్పండి. ఆకు కాల్పు మొదలుకాకముందే, అంటే డిసెంబరు లోపల, ఈ పని అయిపోవాలి. మీకు ఏసీ పని పలచబడే నెలలు కూడా అవేగా.

మసి దగ్గర మాస్కు, గ్లవుజులు తీయొద్దు. ఇంటికి రాగానే ఒంటిమీద బట్టలు విడిచి స్నానం చేయండి. లండన్‌లో చిమ్నీలు ఊడ్చే కుర్రవాళ్లకు పెద్దయ్యాక వచ్చే క్యాన్సరుకు ఒంటికి పట్టిన మసే కారణమని పెర్సివల్ పాట్ అనే డాక్టరు 1775లోనే రాశాడు. చిన్నపిల్లల్ని గొట్టాల్లోకి ఎక్కించేవాళ్లు అప్పట్లో. మీ దగ్గర సాయానికి ఎవర్ని పెట్టుకున్నా, వాళ్లకు గ్లవుజులు కొన్నాకే పని చెప్పండి.

రైస్‌మిల్లు బాయిలర్ చిమ్నీ చేస్తావా అని అడిగేవాళ్లు ఉంటారు. ఒప్పుకోవద్దు. బాయిలర్లకు ప్రత్యేక చట్టం, ప్రత్యేక ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. అది మన పని కాదు.

ప్రశ్న: మా ఇంట్లో ఆటో క్లీన్ చిమ్నీ పెట్టించి రెండేళ్లయింది. ఇక శుభ్రం చేసే పనే ఉండదని షాపులో చెప్పారు. ఇప్పుడు తాలింపు వేస్తే పొగంతా హాల్లోకి వస్తోంది. మోటారు పోయిందంటారా?
— ఒక గృహిణి, లాయర్‌పేట, ఒంగోలు

జవాబు: అమ్మా, మోటారు మార్పించే ముందు మూడు చూడండి. ఆటో క్లీన్ అంటే లోపలి బ్లోయరు వేడెక్కి, దానికంటిన నూనె కరిగి కింది గిన్నెలోకి జారుతుంది. అంతవరకే. ఆ గిన్నె నిండిందేమో తీసి చూడండి. గోడ బయటికి వెళ్లే గొట్టాన్ని అది శుభ్రం చేయదు. బయట గొట్టం మూతి దగ్గర పిచ్చుకలో పావురాలో గూడు పెట్టాయేమో ఎవరినైనా చూడమనండి. ఈ కాలపు పిలుపుల్లో పదింట మూడు నాకు గూళ్లే. గుడ్లుంటే మాత్రం పిల్లలు ఎగిరిపోయేదాకా చిమ్నీ వేయకండి, కిటికీ తెరుచుకుని వండుకోండి.

మూడోది, వంటింటి తలుపులూ కిటికీలూ అన్నీ మూసి చిమ్నీ వేస్తున్నారా? బయటి నుంచి గాలి రాకపోతే లోపలి గాలిని అది లాగలేదు. ఎదురుగా ఉన్న తలుపు కొంచెం తెరిచి, ఒక న్యూస్‌పేపర్ కాగితం చిమ్నీ కింద పట్టుకోండి. అది పైకి అతుక్కుని నిలిస్తే మోటారుకు ఏమీ కాలేదు. జారిపోతే మెకానిక్‌ని పిలవండి, పాత సామాను మీ కళ్లెదుటే విప్పమనండి.