పది లక్షల బిజినెస్‌లో నీ వాటా ఎంత?

చి. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

తెనాలిలో ఒక బట్టల షాపులో మూడో వంతు వాటాకు డబ్బు పెడదామనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. "నెలకు పది లక్షల ఆదాయం, 43 శాతం మార్జిన్" అన్నాడట ఆ షాపాయన. ఆయన అబద్ధం చెప్పాడని నేననను. కానీ లాభం ఎంతో ఆ రెండు మాటల్లోనూ లేదు.

ఆ పది లక్షలేమిటో ముందు అడుగు. బిల్లుల మొత్తం పదిన్నర లక్షలైతే, 5 శాతం జీఎస్టీ కింద అందులో 50 వేలు సర్కారు సొమ్ము. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను అందులో తగ్గించుకుంటాడు, అది వేరే లెక్క. మిగిలిన పది లక్షలు అమ్మకాలు, అంటే టర్నోవర్. పేపర్లో కంపెనీల ఫలితాలు రాసేటప్పుడు దీన్నే ఆదాయం అంటారు. వ్యాపారం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ వేసేటప్పుడు ఆదాయం అంటే ఖర్చులు పోగా మిగిలింది. ఇంకోటి, అది సంక్రాంతి నెల అమ్మకమా, ఏడాది సగటా?

ఇక మార్జిన్. ఏడు లక్షలకు కొన్నది పది లక్షలకు అమ్మితే మూడు లక్షలు గ్రాస్ ప్రాఫిట్. కొన్న ధర మీద చూస్తే 43 శాతం, అమ్మిన ధర మీద 30 శాతం. మార్జిన్ అంటే రెండోది. మొదటిది మార్కప్. షాపుల్లో రెండింటినీ మార్జిన్ అనేస్తారు. డిస్కౌంట్ ఇచ్చే రోజు తెలుస్తుంది తేడా. 43 ఉందనుకుని ఆషాఢంలో 35 శాతం తగ్గించి అమ్మితే, కొన్న ధర కూడా రాదు.

ఆ ఏడు లక్షలూ అమ్ముడైన సరుకు ఖరీదు కావాలి, ఆ నెల కొన్న సరుకు ఖరీదు కాదు. మొదట ఉన్న స్టాకుకు కొన్నది కలిపి, చివర మిగిలిన స్టాకు తీసేస్తే వచ్చేది అది. మాయ అంతా ఆ మిగిలిన స్టాకులోనే. మూడేళ్ల కిందటి చీరలు కొన్న ధరకే లెక్కలో ఉంటే ఖర్చు తగ్గినట్టు, లాభం పెరిగినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఎంతకు పోతాయో అంతకే, అది కొన్న ధర కంటే తక్కువైతే, వాటిని లెక్కగట్టాలి. నువ్వే వెళ్లి బీరువాలు తెరిపించి చూడు.

మూడు లక్షల నుంచి అద్దె 60 వేలు, జీతాలు 90 వేలు, కరెంటు, కవర్లు వగైరా 20 వేలు తీసెయ్. 1.30 లక్షలు మిగులుతుంది. పెద్ద కంపెనీలు ఎబిటా అని గొప్పగా చెప్పుకునేది ఇదే. నాకు ఆ అంకె మీద పెద్ద నమ్మకం లేదు, ఎందుకంటే ఏసీలు, ర్యాకులు, కంప్యూటర్ అరిగిపోవని అది అనుకుంటుంది. వాటికి పెట్టిన 12 లక్షలను ఐదేళ్లకు పంచితే నెలకు 20 వేలు తరుగుదల. అదీ పోతే 1.10 లక్షలు, నిర్వహణ లాభం. బ్యాంకు వడ్డీ 30 వేలు తీస్తే 80 వేలు. షాపాయన పొద్దుట్నుంచి రాత్రి దాకా కూర్చుంటాడు కదా, ఆయన జీతం 40 వేలనుకో, ఇన్నాళ్లూ రాసి ఉండడు. మిగిలింది 40 వేలు. భాగస్వామ్య సంస్థ లాభం మీద సెస్సుతో 31.2 శాతం పన్ను పోతే 27,500. నీ మూడో వంతు సుమారు 9 వేలు. ఖర్చులు నేను అనుకున్నవే, అసలు అంకెలు ఆయన దగ్గర తీసుకో.

ఆ 9 వేలు కూడా చేతికి వస్తాయని కాదు. లోను ఈఎంఐలో అసలు భాగం ఖర్చు కిందకు రాదు, కానీ గల్లాలోంచి పోతుంది. అప్పు మీద అమ్మినది లాభంలో ఉంటుంది, గల్లాలో ఉండదు.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో 8 శాతం లాభం చూపించానంటాడేమో. 44ఏడీ అని మనం పిలిచే పద్ధతిలో 2 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారి 8 శాతం, డిజిటల్ చెల్లింపులపై 6 శాతం లాభమని చూపితే చాలు. అది పన్ను కోసం వేసుకునే అంచనా. అసలు లాభం అంతకన్నా ఎక్కువో తక్కువో దాన్నిబట్టి తెలియదు.

సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు, కంపెనీ లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న రాసిన లేఖ గుర్తుందా? 2008 సెప్టెంబరు త్రైమాసికానికి ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని చూపించారు. అసలువి 2,112 కోట్లు, 61 కోట్లు. రెండు చోట్లా తేడా 588 కోట్లే. లేని అమ్మకానికి ఖర్చుండదు కదా, రాసిందంతా లాభంలోకి దిగిపోయింది. ఆ మేరకు బ్యాంకులో డబ్బుందని కూడా చూపించాల్సి వచ్చింది. అందుకే లాభం కాగితం ఒక్కటే చూడకు, పక్కన బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టుకుని చూడు.

ఏడాది జీఎస్టీఆర్-3బీలు (అమ్మకాలు, పన్ను చూపిస్తూ వేసే జీఎస్టీ రిటర్నులు), బ్యాంకు స్టేట్‌మెంట్లు, స్టాకు లిస్టు అడుగు. ఆయన జీతం ఎంతో పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో రాయకముందు అడ్వాన్సు ఇవ్వకు. కాగితాలు రాగానే నాకు వాట్సాప్ చెయ్యి, స్టాకు లిస్టు ముందు పంపు.

మీ పెదనాన్న