మీ నాన్నకి సూది వేయించే ముందు

బాబూ,

నువ్వు పంపిన రిపోర్టులు చూశాను. ఎడమ అడ్రినల్ (మూత్రపిండం మీద ఉండే చిన్న గ్రంథి) మీద 2.5 సెం.మీ. గడ్డ, పొటాషియం తక్కువ, ఎన్ని మాత్రలు మింగినా దిగని బీపీ. ఊపిరితిత్తులేమో బీడీలకి పోయాయి, కడుపులో గాలి నింపి చేసే ల్యాప్రోస్కోపీ తట్టుకోలేడేమోనని, సీటీలో చూస్తూ సూదితో కాల్చేద్దామంటున్నారు. మంచి దారే. ఒళ్లు సహకరించేవాళ్లకైతే ఇప్పటికీ ఆపరేషనే మొదటి మాట.

నర్సుగా ఆ గదిలో నిలబడి చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా, సూది గురించి టెన్షన్ వద్దు. బోర్లా పడుకోబెట్టి, సూదిని కొద్దికొద్దిగా జరుపుతూ మళ్లీ మళ్లీ స్కాన్ తీసి చూసుకుంటారు. గండమంతా వేడి మొదలయ్యాకే. గడ్డ పక్కనున్న మంచి గ్రంథికి సెగ తగిలితే అందులోని అడ్రినలిన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చిపడుతుంది, 140 ఉన్న బీపీ కళ్లముందే 200 దాటిపోగలదు. అందుకే మణికట్టు దగ్గర ధమనిలో సన్నని గొట్టం పెట్టి క్షణక్షణం బీపీ చూస్తారు, మత్తు డాక్టరు మందు సిద్ధంగా పెట్టుకుంటాడు. ఆ లైన్ పెడతారా అని మొహమాటం లేకుండా అడుగు. వేడికి బదులు గడ్డని మంచులా గడ్డకట్టించి చంపే క్రయో పద్ధతిలోనైతే ఈ బీపీ పొంగు ఎక్కువగా మంచు కరిగేటప్పుడు వస్తుంది, అందరూ హమ్మయ్య అనుకునే వేళకి.

అంతకంటే ముందు హార్మోన్ పరీక్షలు. అది ఫియోక్రోమోసైటోమా (అడ్రినలిన్ లాంటి హార్మోన్లు కక్కే గడ్డ) కాదని తేలేదాకా బయాప్సీ సూది కూడా గుచ్చనివ్వకు. మెటానెఫ్రిన్స్ (అడ్రినలిన్ విరిగితే వచ్చే పదార్థాలు) కోసం 24 గంటల మూత్రం అడగొచ్చు. పొద్దున మొదటిసారిది పారబోసి, మర్నాడు పొద్దున మొదటిసారిది కలిసేదాకా మొత్తం పట్టాలి. ల్యాబువాళ్ల క్యాన్ అడుగున ఒక్కోసారి యాసిడ్ ఉంటుంది, మీ అమ్మ శుభ్రం మనిషి కదా, కడిగి పెట్టేస్తుంది, ముందే చెప్పు. మగ్గులో పట్టి అందులో పోయాలి. ఒకవేళ ఫియో అనే తేలితే ముందు రక్తనాళాలు బిగుసుకోకుండా చూసే ఆల్ఫా మాత్రలు ఒకటి రెండు వారాలు, అవసరమైతే గుండె వేగం తగ్గించే బీటా మాత్రలు ఆ తర్వాతే. వరస తిరగబడితే ప్రమాదం.

నాకైతే ఇది ఆల్డోస్టిరాన్ (ఒంట్లో ఉప్పుని ఆపి, పొటాషియాన్ని బయటికి పంపే హార్మోన్) గడ్డలా కనబడుతోంది. అలాగైతే రెండు వైపుల అడ్రినల్ సిరల్లోంచి రక్తం తీసి ఏ పక్కది ఎక్కువ తయారుచేస్తోందో తేలుస్తారు. గడ్డ ఎడమన కనబడినా తప్పు కుడిదై ఉండొచ్చు, దండగ ఖర్చని వాదించకు. స్పైరోనోలాక్టోన్ (ఆల్డోస్టిరాన్‌ని అడ్డుకునే బీపీ మాత్ర) వాడుతుంటే పరీక్షకి వారాల ముందే డాక్టరే ఆపిస్తారు, మీ అంతట మీరు ఆపొద్దు. పొటాషియం సరిచేశాకే టేబుల్ ఎక్కించాలి.

ఇక డబ్బు సంగతి. రాయగడ వాళ్లం, మనది ఒడిశా కార్డు, విశాఖలో ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) మనకి వర్తించదు. మన కార్డు తీసుకుంటారా, ఈ ప్రొసీజర్‌కి చెల్లుతుందా అని రైలు టికెట్ కొనకముందే ఫోన్ చేసి కనుక్కో.

అయ్యాక బీపీ మాత్రల మోతాదు తగ్గించాల్సి రావొచ్చు, పాతవన్నీ అలాగే మింగితే కళ్లు తిరిగి పడతాడు. రోజూ రెండుపూటలా చూసి నాకు వాట్సాప్ చెయ్యి. సీటీ సీడీ బ్యాగులో పెట్టడం మరిచిపోకు, రిపోర్టు కాగితం ఒక్కటీ చూసి ఎవరూ సూదికి దారి గీయలేరు.

పెద్దమ్మ