కాలేజీ అథ్లెటిక్స్ కోచ్‌ను పతకాల బోర్డు చూసి నమ్మొచ్చా?

మీరు అడిగింది ఇదీ: కనిగిరిలో ఇంటర్ పూర్తి చేసిన మీ చెల్లి 800 మీటర్లు పరిగెత్తుతుంది. నెల్లూరు వైపు ఒక డిగ్రీ కాలేజీకి వెళ్తే అక్కడి పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ తన పాతికేళ్ల సర్వీసు, యూనివర్సిటీ ఛాంపియన్‌షిప్‌ల బోర్డు చూపించారు. ఆ బోర్డు చూసి చేర్పించవచ్చా?

నేను 2009 నుంచి 2012 దాకా కావలిలో డిగ్రీ చదువుతూ 400 మీటర్లు, రిలే పరిగెత్తాను. ఇప్పుడు ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేస్తున్నాను. మీ చెల్లి లాంటి పిల్లల్ని ఏటా కాలేజీలకు పంపుతుంటాను కాబట్టి ఈ ప్రశ్న నాకూ రోజూ ఎదురయ్యేదే. బోర్డు అబద్ధం చెప్పదు. కానీ బోర్డు మీద సంవత్సరం పక్కన ఇంకొక సంగతి చూడాలి: ఆ ఏడు పోటీ ఎవరితో జరిగింది?

నెల్లూరు జిల్లా కాలేజీలు ఒకప్పుడు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. అంతర కళాశాలల మీట్‌లో గెలవాలంటే చిత్తూరు పిల్లల్ని, ఇంకా ముందు కడప పిల్లల్ని కూడా దాటాలి. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చాక పోటీ నెల్లూరు జిల్లా కాలేజీల మధ్యకు వచ్చింది. మంచిదే, పల్లె పిల్లలు ఎక్కువ మంది యూనివర్సిటీ జట్టులోకి రాగలిగారు. అయితే 2005 నాటి యూనివర్సిటీ బంగారు పతకం, 2010 నాటి బంగారు పతకం ఒక్కటే బరువు కావు. ఈ మాట నాకు చెప్పింది మా పీడీ సారే. మేము గెలిచి గంతులేస్తుంటే, "సంతోషించండి అబ్బాయా, కాకపోతే టైము చూసి సంతోషించండి" అన్నారు.

అందుకే ఆయన గదిలో బోర్డు కంటే విలువైనవి ఆయన లాంగ్ నోట్‌బుక్కులు. ఏడాదికి ఒకటి. పిల్లవాడి పేరు, చేరిన రోజు టైము, ఆ తర్వాత ప్రతి రెండు వారాలకు తీసిన టైము, పక్కన చిన్న అక్షరాల్లో వాన పడిందా, ఎదురుగాలి ఉందా, ముందు రోజు వాడికి జ్వరమా అన్నది. చేతి గడియారంతో తీస్తే పక్కన 'చే' అని రాసేవారు. చేతి టైములో వందోవంతులు ఉంచకూడదు, పైకి సర్దాలి. 54.62 వస్తే 54.7 అని రాయాలి. తక్కువ చేసి రాసుకుంటే మీట్‌లో ఏడవాల్సి వస్తుందనేవారు. స్టార్టింగ్‌కు మా దగ్గర గన్ను లేదు, రెండు చెక్క పలకలు బిగించిన క్లాపర్ ఉండేది. దాన్ని తల మీదికి ఎత్తి కొట్టేవారు, ముగింపు గీత దగ్గర గడియారం పట్టుకున్నవాడికి కనపడాలని. చప్పుడు 100 మీటర్లు రావడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. విని నొక్కితే ప్రతివాడూ ఆ మేరకు ఎక్కువ వేగంగా పరిగెత్తినట్టు కనిపిస్తాడు. పలకలు కలవడం చూసి నొక్కాలి.

ట్రాక్ గీయడమూ అంతే. మా మైదానంలో 400 మీటర్ల ట్రాక్ పట్టదు. 200 మీటర్లదే గీసేవారు. రెండు వైపులా 40 మీటర్ల నేరు, రెండు మలుపులు 60 మీటర్ల చొప్పున. మేకు కొట్టి, పురికొస 18.90 మీటర్లకు కొలిచి, కొసకు పుల్ల కట్టి తిరిగితే ఒకడు వెనకాలే సున్నం పోసుకుంటూ వచ్చేవాడు. 60 మీటర్ల మలుపుకు లెక్క ప్రకారం 19.10 రావాలి కదా, 18.90 ఎందుకని అడిగాను. పరిగెత్తేవాడు గీత మీద పరిగెత్తడు, గీతకు 20 సెంటీమీటర్లు బయట పరిగెత్తుతాడు, కొలత అక్కడ లెక్క అన్నారు. ఆ 20 సెంటీమీటర్లు మరిచిపోతే రౌండుకు మీటరుంపావు పైగా తేడా. 200 ట్రాక్ మీద 800 మీటర్లంటే నాలుగు రౌండ్లు, అయిదు మీటర్లు. మీ చెల్లికి అది దాదాపు ఒక సెకను. ఆమె స్కూలు మైదానంలో తీసిన టైము ఎంతయినా సరే, ఆ ట్రాక్ ఎవరు కొలిచారో ముందు కనుక్కోండి.

ఇక రిలే. ఇది నేను మరిచిపోలేనిది. నా రెండో సంవత్సరం నెల్లూరులో జరిగిన మీట్‌లో 4×100లో ఆఖరి పరుగు నాది. బ్యాటన్ (చేతికి అందించే కర్ర) ఇచ్చేవాడు వచ్చే దారిలో టేపు ముక్కతో ఒక గుర్తు పెట్టుకుంటాం. నా నిలబడే చోటు నుంచి నా షూతో 26 అడుగులు. వాడు ఆ గుర్తు దాటగానే నేను వెనక్కి చూడకుండా దూకాలి, వాడు అరవగానే చెయ్యి వెనక్కి చాపాలి. అప్పట్లో మార్పిడి జోన్ (బ్యాటన్ చేతులు మారాల్సిన హద్దు) 20 మీటర్లే, ఇప్పుడు 30 అయింది. ప్రాక్టీసులో వందసార్లు సరిగ్గా కుదిరింది. ఆ రోజు కుదరలేదు. నేను దూకాను, అరుపు వినపడింది, చెయ్యి చాపాను, ఖాళీ. ఇంకో నాలుగడుగులు. బ్యాటన్ నా అరచేతిలో పడేసరికి జోన్ దాటిపోయింది. కాళ్లు ఎక్కడున్నాయన్నది కాదు, బ్యాటన్ ఎక్కడ చేతులు మారిందన్నదే లెక్క. తెల్లజెండా బదులు ఎర్రజెండా లేచింది. ముందున్న మా జట్టు ముందుండగానే పోయింది.

ఆ రాత్రి బస్సులో ఎవరూ మాట్లాడలేదు. సారు కూడా. పొద్దున అయిదున్నరకు మైదానానికి వెళ్తే ఆయన అప్పటికే అక్కడున్నారు, టేపు పట్టుకుని. "నీ తప్పు కాదు రా. వాడు గంట ముందు 400 ఫైనల్ పరిగెత్తి వచ్చాడు. కాళ్లలో పస లేదు. నీ గుర్తు 23 అడుగులకు తగ్గించి ఉండాల్సింది, నువ్వు కొంచెం ఆలస్యంగా దూకేవాడివి" అన్నారు. తర్వాత ఒకరోజు నోట్‌బుక్ తీసి చూశాను. ఆ తేదీ కింద రాసుంది: "రిలే, అనర్హత. పొరపాటు నాది. అలసిన రన్నర్‌కు గుర్తు మార్చలేదు." మరుసటి ఏడు 23 అడుగులతోనే పరిగెత్తాం, గెలిచాం. బోర్డు మీద ఆ గెలుపు ఉంది. నోట్‌బుక్‌లో ఆ ఓటమి కూడా ఉంది. నేను పిల్లలకు నేర్పేది ఆ ఓటమి పేజీ నుంచే.

మీ చెల్లి గురించి కాబట్టి ఇంకొకటి తప్పక చెప్పాలి. మా జూనియర్ ఒక అమ్మాయి కలిగిరి వైపు నుంచి వచ్చింది. మొదట్లో బాగా పరిగెత్తింది. మూడు నెలలకు ప్రతి టైమూ వెనక్కి పోవడం మొదలైంది. ఇంకొకరైతే బద్ధకం అని రెండు రౌండ్లు ఎక్కువ వేయించేవారు. సారు నోట్‌బుక్‌లో ఆ అంకెల వరస చూసి, అమ్మాయిని, వాళ్లమ్మను వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 8, అంటే రక్తం బాగా తక్కువ. రెండు నెలలు పరుగు మానిపించి, ఐరన్ మాత్రలు, గుడ్లు, ఆకుకూర, వేరుశనగ ఉండలు. హాస్టల్ వార్డెన్‌తో తనే మాట్లాడారు. ఆ అమ్మాయికి ఆ ఏడాది పతకం రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లు తేలిగ్గా గట్టెక్కింది. బోర్డు మీద ఆమె పేరు లేదు. నా లెక్కలో ఆయన సర్వీసులో అంతకన్నా పెద్ద పని ఇంకొకటి లేదు.

కాలేజీ పీడీ అంటే అథ్లెటిక్స్ కోచ్ మాత్రమే కాదని కూడా గుర్తుంచుకోండి. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, క్రికెట్, పరీక్షల డ్యూటీ, అన్నీ ఆయనవే. ఎం.పి.ఇ.డి. (వ్యాయామ విద్యలో పీజీ) చదివి, అధ్యాపక అర్హత పరీక్ష నెట్ పాసై వచ్చినవారు చాలామంది ఉంటారు. పాటియాలా ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) కోచింగ్ డిప్లొమా ఉంటే ఇంకా మేలు, కానీ డిప్లొమా లేని మంచి కోచ్‌లను నేను చూశాను. మంచి పిల్ల చేతికి వస్తే పైకోచ్‌కు అప్పగించే మనసు ఉందా లేదా అన్నది ముఖ్యం. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూడండి. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర విశ్వవిద్యాలయాల మీట్‌లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా ఆ పరుగు రికార్డుగా ఎక్కలేదు, అక్కడ డోప్ పరీక్ష జరగలేదు కనుక. 2022 మే నెలలో సైప్రస్‌లో 13.23తో రికార్డు అందుకుంది, 2023లో ఆసియా ఛాంపియన్ అయింది. అప్పట్లో మా ప్రకాశం కాలేజీలన్నీ నాగార్జున కిందే, అందుకని ఇక్కడ పిల్లలు ఇప్పటికీ "మన యూనివర్సిటీ అక్క" అంటారు. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో, తర్వాత భువనేశ్వర్‌లో శిక్షణ పొందింది. ఒక్క చోట ఎవరూ పట్టి ఉంచలేదు.

మీరు చేయాల్సింది: చెప్పకుండా ఒక పొద్దున ఆరింటికి ఆ కాలేజీ మైదానానికి వెళ్లండి. సార్ వచ్చారా, గీతలు గీసి ఉన్నాయా, ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు, మూడో సంవత్సరం పిల్లలు ఇంకా పరిగెత్తుతున్నారా చూడండి. మొదటి ఏడాది పిల్లలే కనపడి పెద్దవాళ్లు లేకపోతే, మానేసినవాళ్లు ఎందుకు మానేశారో హాస్టల్‌లో అడగండి. మోకాలి కింద ముందు ఎముక నొప్పితో చాలామంది ఆగిపోతారు, గట్టి నేల మీద రోజూ బాదిస్తే. తర్వాత సార్‌ను కలిసి, పిల్లల టైములు రాసే పుస్తకం ఉంటే చూపించమని మర్యాదగా అడగండి. ఉన్నవాళ్లు ఆనందంగా చూపిస్తారు. మీ చెల్లి పాత టైములు, రక్తపరీక్ష రిపోర్టు మీరూ తీసుకెళ్లండి. స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) మాత్రం ఇప్పుడే కొనకండి, అక్కడి నేల చూశాక కొనొచ్చు.